బాలింతరాలి మాట నమ్ముదాం

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం మామూలుగా కరువు భత్యం బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఆరోగ్యం అనగానే మనకు గుర్తొచ్చేవి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, కంటి శుక్లాలు. కుటుంబ ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను వేరే విషయం ఎంచుకున్నాను. ప్రసవమైన తరువాత కొందరు ఆడపిల్లలకు కాలు చచ్చుబడిపోతుంది. కొందరికి చెయ్యి వణుకుతుంది, మాట పడిపోతుంది, ఫిట్స్ లాంటివి వస్తాయి. స్కానులు, రక్త పరీక్షలు అన్నీ చేయిస్తే ఏమీ లేదంటారు. ఏమీ లేనప్పుడు ఆ పిల్ల ఎందుకు నడవలేకపోతున్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు తెలియక ఎన్నో ఇళ్ళలో ఎన్నో మాటలు జరుగుతాయి.

నేను డాక్టరును కాను. ట్రెజరీలో గుమాస్తాగా చేరి, అదే శాఖలో 2009లో రిటైరైనవాణ్ణి. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. మా ఇంట్లో ఇది జరిగింది, అప్పుడు నేను తప్పు చేశాను. మా అమ్మాయి అనుమతితోనే చెబుతున్నాను. "చెప్పు నాన్నా, ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఆ మాట పడకుండా ఉంటుంది" అని తనే అంది.

2012లో మా అమ్మాయి తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆపరేషను చేసి బిడ్డను తీశారు. నడుముకు మత్తు ఇంజక్షను ఇచ్చారు. మర్నాటికి కుడికాలికి స్పర్శ పూర్తిగా వచ్చింది. ఎడమకాలు మాత్రం బరువుగా ఉందంది. రెండు రోజుల్లో సర్దుకుంటుందన్నారు, సర్దుకున్నట్టే కనబడింది. ఇంటికి వచ్చాం. పదకొండో రోజు స్నానానికి లేచింది, రెండడుగులు వేసి గుమ్మం దగ్గర కూలబడింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడ్చుకుంటూ గోడ పట్టుకుని నడవడమే.

మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వెన్నుకు, తలకు ఎం.ఆర్.ఐ. తీశారు. రిపోర్టులు చూసి అక్కడి డాక్టరు గారు "అన్నీ నార్మల్, ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి వచ్చాక మాటలు మొదలయ్యాయి. ఆడపిల్ల పుట్టిందని మనసులో పెట్టుకుందని ఒకరన్నారు. అత్తగారింటికి వెళ్ళడం ఇష్టంలేక ఇలా చేస్తోందని ఒకరన్నారు. పురిటి గాలి సోకిందని ఇరుగింటావిడ తాయెత్తు తెచ్చింది. వియ్యపురాలు గారు ఫోనులో ఏమన్నారో నేను చెప్పను, ఎందుకంటే అందరికంటే పెద్ద మాట అన్నది నేనే. ఒక రాత్రి బిడ్డ ఏడుస్తోంది, అమ్మాయి లేవలేకపోతోంది, మా ఆవిడ అలిసిపోయి ఉంది. నేను విసుక్కుని, "రిపోర్టుల్లో ఏమీ లేదని డాక్టరే చెప్పాడుగా, ఇంక ఈ నాటకం చాలించమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ తరువాత నాలుగు రోజులు నాతో మాట్లాడనూ లేదు.

మనలో ట్రెజరీలో పనిచేసినవాళ్ళు కొందరున్నారు. మనం ఏటా ఏం చేసేవాళ్ళం? పెన్షనరు ఎదురుగా నిలబడి ఉంటాడు. చెమట తుడుచుకుంటూ దణ్ణం పెడతాడు. మనం మాత్రం "జీవించి ఉన్నట్టు ధృవపత్రం ఏదండీ?" అని అడుగుతాం. కాగితం లేకపోతే అతను బతికున్నట్టు రికార్డులో లేదు. ఆఫీసులో ఆ పద్ధతికి కారణముంది, కాదనను. కాని నేను ఆ పద్ధతిని ఇంటికి తెచ్చుకున్నాను. కూతురు ఎదురుగా కాలీడుస్తూ నడుస్తోంటే, స్కాను కాగితంలో లేదు కాబట్టి జబ్బు లేదన్నాను.

ఒక స్నేహితుడి సలహా మీద వేరొక ఊళ్ళో నరాల వైద్యుడి దగ్గరకు వెళ్ళాం. ఆయన ముందు పాత కాగితాలన్నీ చూశారు. తరువాత అమ్మాయిని పడుకోబెట్టి, జబ్బు కాలి మడమ కింద తన అరచెయ్యి పెట్టి, "మడమను మంచానికేసి గట్టిగా నొక్కమ్మా" అన్నారు. నొక్కలేకపోయింది. "ఇప్పుడు ఆ కాలి సంగతి వదిలెయ్, కుడికాలు పైకెత్తు, నేను ఆపుతుంటాను" అన్నారు. కుడికాలు ఎత్తింది. అప్పుడు నన్ను పిలిచి, "మీరు కూడా ఎడమ మడమ కింద చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. పెట్టాను. కుడికాలు ఎత్తే ప్రయత్నంలో ఎడమ మడమ నా చేతిని గట్టిగా కిందికి నొక్కుతోంది. ఇంతకుముందు లేని బలం అందులో ఉంది.

నిజం చెప్పాలంటే నా మనసులో వచ్చిన మొదటి మాట, "దొరికిపోయింది" అని. డాక్టరు గారు నా ముఖం చూసి కనిపెట్టారు కాబోలు, నాతో కాకుండా అమ్మాయితోనే మాట్లాడారు. "అమ్మా, నీ కాలిలో బలం ఉంది, నరం తెగలేదు, వెన్ను బాగుంది. నువ్వు కావాలని కదపబోయినప్పుడు మాత్రం మెదడు నుంచి ఆ ఆజ్ఞ కాలికి సరిగా చేరటం లేదు. ఆలోచించకుండా కదిలినప్పుడు చేరుతోంది. ఇది నటన కాదు, పిచ్చి కాదు. ఇలాంటి వాళ్ళను నేను తరచూ చూస్తుంటాను. దీనికి పేరుంది, వైద్యముంది, తగ్గుతుంది" అన్నారు. మా అమ్మాయి ఆ బల్లమీదే వెక్కి వెక్కి ఏడ్చింది. నెలరోజుల్లో తన మాట నమ్మిన మొదటి మనిషి ఆయన.

ఆయన చేసిన పరీక్షను హూవర్ పరీక్ష అంటారట. హూవర్ అనే అమెరికా వైద్యుడు 1908లోనే దీన్ని వివరించాడు. ఖర్చు లేదు, యంత్రం లేదు. ఒక కాలు ఎత్తేటప్పుడు రెండవ కాలు తనంతట తాను కిందికి నొక్కడం మనిషి శరీర ధర్మం. ఆ ధర్మం సరిగా పనిచేస్తూ, కావాలని నొక్కమన్నప్పుడే బలం రాకపోతే, దారి దెబ్బతినలేదు, దారిని వాడుకునే తీరు దెబ్బతిన్నదని అర్థం. ఈ జబ్బును ఇప్పుడు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నారు. మన మాటల్లో, నాడీమండలం కట్టడంలో లోపం లేదు, పనితీరులో లోపం వచ్చిందని చెప్పుకోవచ్చు.

నాకు అర్థమైన తీరులో ఒక ఉదాహరణ చెబుతాను. పెన్షనరు ఇంట్లో కార్డు ముక్క మీద సంతకం చేస్తే ముత్యంలా ఉంటుంది. అదే మనిషిని కౌంటరు దగ్గర నిలబెట్టి, "పాత సంతకంతో అచ్చంగా కలవాలి, లేకపోతే పెన్షను ఆగిపోతుంది" అంటే ఏమవుతుంది? చెయ్యి వణుకుతుంది, అక్షరం తప్పుతుంది. మళ్ళీ చెయ్యమంటే ఇంకా తప్పుతుంది. అతను నటిస్తున్నాడా? లేదు. చేతికి పక్షవాతమా? కాదు. అలవాటుగా జరిగిపోయే పని మీద భయం, అతిగా పెట్టిన దృష్టి పడేసరికి ఆ పని చెడిపోయింది. మనకు ఒక నిమిషం జరిగేది ఈ జబ్బులో రోజుల తరబడి, నెలల తరబడి నిలిచిపోతుంది. కౌంటరు దగ్గర గద్దించినకొద్దీ సంతకం ఎలా చెడుతుందో, ఇంట్లో గద్దించినకొద్దీ కాలు అలాగే చెడుతుంది.

కాన్పు తరువాతే ఎందుకు వస్తుందంటే, కాన్పు తరువాత మాత్రమే వచ్చేది కాదు. దెబ్బ తగిలిన తరువాత, జ్వరం తరువాత, ఆపరేషను తరువాత, ఏ కారణమూ కనబడకుండా కూడా రావచ్చు. కాని బాలింతరాలి పరిస్థితి గమనించండి. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. రక్తం పోయి నీరసంగా ఉంటుంది. కుట్ల నొప్పి ఉంటుంది. కొందరికి ప్రసవమే ప్రాణభయంగా జరుగుతుంది. మత్తు ఇంజక్షనుతో కాలు కాసేపు నిజంగానే తిమ్మిరెక్కుతుంది. శరీరంలో నిజంగా జరిగిన ఆ చిన్న సంఘటనే ఒక్కోసారి నాంది అవుతుంది. తిమ్మిరి పోయినా, కాలు పనిచేయదన్న లెక్క మెదడులో నిలిచిపోతుంది. మా అమ్మాయి విషయంలో అలా జరిగి ఉండవచ్చునని డాక్టరు గారు చెప్పారు. అంతేగాని ఇంజక్షను వేసినవారి తప్పు కాదని కూడా చెప్పారు.

చాలామంది దీని వెనుక ఏదో రహస్య దుఃఖం ఉండి తీరాలనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మా అల్లుడుగారిని అనవసరంగా అనుమానించాను. కొందరికి దుఃఖం ఉంటుంది, కొందరికి ఉండదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ణయ గ్రంథాన్ని సవరించినప్పుడు, మానసిక ఒత్తిడి కారణంగా కనబడితేనే ఈ జబ్బు అనాలన్న పాత నిబంధనను తీసేసింది. కాబట్టి "నీకేం బాధ ఉందో చెప్పు" అని బాలింతను నిలదీయడం వైద్యం కాదు.

ఈ జబ్బు చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు దీన్ని హిస్టీరియా అనేవారు. గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న మాట నుంచి వచ్చిన పేరది. అంటే పేరులోనే ఆడదాని మీద నింద ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అనే వైద్యుడు దీన్ని నరాల జబ్బుగా శ్రద్ధగా పరిశీలించాడు. పనివాళ్ళలో, మగవాళ్ళలో కూడా ఉందని చూపించాడు. 1885-86లో ఫ్రాయిడ్ ఆయన దగ్గరే చదువుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో శరీరానికి గాయం లేకుండానే కాళ్ళు పడిపోయి, మాట పోయి, వణుకుతూ సైనికులు వేలాదిగా వెనక్కి వచ్చారు. దానికి షెల్ షాక్ అని పేరు పెట్టారు. సైనికుడికి వస్తే అలాంటి గౌరవమైన పేరు, ఇంటి కోడలికి వస్తే నాటకం! ఆడవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడే మాట నిజమే. కాని ఆడవాళ్ళ సొత్తేమీ కాదు.

సభలో ఒక సందేహం రావచ్చు. "ఏమీ లేదని డాక్టర్లు తోసిపుచ్చి, తరువాత పెద్ద జబ్బు బయటపడితే?" అని. సరైన సందేహమే. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, 1950ల్లో ఇలా నిర్ణయించినవారిలో నూటికి 29 మందికి తరువాత వేరే జబ్బు బయటపడింది. 1970ల నుంచి అది నూటికి 4కు తగ్గింది. అంటే తెలిసిన వైద్యుడు లక్షణాలను పరీక్షించి చెబితే నమ్మవచ్చు. అయినా మళ్ళీ చూపించుకోవడం, కొత్త లక్షణం వస్తే చెప్పడం మానకూడదు. ఇంట్లో కూర్చుని మనమే నిర్ణయించడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ పనికిరాదు.

ఎందుకంటే బాలింతలకు వచ్చే కొన్ని జబ్బులు ప్రాణాంతకమైనవి, గంటల్లో చూడవలసినవి. వాటిని చెప్పకుండా కూర్చుంటే ఈ ప్రసంగం మేలు కంటే కీడు చేస్తుంది. దయచేసి ఈ భాగం కత్తిరించి దాచుకోండి.

ఒకటి, గుర్రపువాతం. కాన్పుకు ముందే కాదు, కాన్పు తరువాత కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. మొదటి రెండు రోజుల్లో ఎక్కువ, ఆ తరువాత కొన్ని వారాల వరకు కూడా ప్రమాదం ఉంటుంది. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, డొక్కలో పైభాగాన నొప్పి, ముఖం వాపు, బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మెగ్నీషియం సల్ఫేటు అనే చవకైన మందు దీనికి ఉంది. మిగతా మందులకంటే అది మేలని 1995లో అనేక దేశాల్లో కలిసి చేసిన పరిశీలన తేల్చింది.

రెండు, మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టడం. మన దేశంలో బాలింతలలో ఇది వైద్యులకు బాగా తెలిసిన జబ్బు. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒకవైపు చచ్చుబడటం దీని లక్షణాలు. మామూలు సి.టి. స్కానులో ఒక్కోసారి దొరకదు, సిరలు కనబడేలా స్కాను తీయాలి. ఒంట్లో నీరు తగ్గిపోవడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. మన ఇళ్ళలో బాలింతకు పథ్యం పేరుతో నీళ్ళు ఇవ్వకుండా కట్టడి చేసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఈ సభలోని అమ్మమ్మలకు, నాయనమ్మలకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను. కారప్పొడి, వెల్లుల్లి మీ ఇష్టం. నీళ్ళు మాత్రం దాహం వేసినన్ని తాగనివ్వండి.

మూడు, ప్రసవ సమయంలో నరం నొక్కుకుపోయి పాదం వాలిపోవడం. ఇది నిజంగా నరానికి తగిలిన దెబ్బ. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కాని పరీక్ష చేయించాలి. నడుము ఇంజక్షను తరువాత కాళ్ళ బలం తగ్గుతూ పోవడం, మూత్రం బిగబట్టడం, నడుములో విపరీతమైన నొప్పి, జ్వరం ఉంటే ఒక్క గంట కూడా ఆగరాదు.

నాలుగు, మనసుకు సంబంధించిన ప్రమాదం. వెయ్యి కాన్పులకు ఒకరిద్దరికి మొదటి వారాల్లోనే మతి తప్పినట్టవుతుంది. నిద్ర ఉండదు, లేనివి కనబడతాయి, వినబడతాయి, బిడ్డ మీద వింత అనుమానాలు వస్తాయి. పాతవాళ్ళు బాలింత సంధి అనేవారు. ఇది అత్యవసర పరిస్థితి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. ఇది కాక, కాన్పు తరువాతి దిగులు జబ్బు మన దేశంలో నూటికి 22 మందికి ఉంటుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష అంచనా కట్టింది. అది సోమరితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు.

కాబట్టి క్రమం ఇది. బాలింతకు మొదటిసారి ఫిట్ వచ్చినా, కాలూచెయ్యీ చచ్చుబడినా, మాట తడబడినా, తెలివి తప్పినా ముందు 108కి ఫోను చేయాలి. ప్రమాదకరమైనవి కావని డాక్టర్లు తేల్చిన తరువాతే ఈ పనితీరు జబ్బు మాట. అప్పుడు కూడా "ఏమీ లేదు" అన్న జవాబుతో లేచి రాకండి. "అయితే ఇదేమిటి, ఎలా తగ్గుతుంది?" అని అడగండి.

ఇక ఫిట్స్ లాగా వచ్చేవాటి గురించి. ఈ జబ్బులో వచ్చే ఫిట్లలో తరచు కళ్ళు మూసుకుని ఉంటాయి, ఎక్కువసేపు సాగుతాయి. మెదడు విద్యుత్తును, మనిషి కదలికలను ఒకేసారి వీడియోలో రికార్డు చేసే పరీక్షతో మూర్ఛ అవునో కాదో బాగా తెలుస్తుంది. మూర్ఛ కాకపోతే మూర్ఛ మందులు దానికి పనిచేయవు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు కూడా. ఒకరు పక్కన ఉండి చూసుకుంటూ, ఇంకొకరు సెల్ ఫోనులో వీడియో తీస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. ఉల్లిపాయ వాసన చూపించడం, చెంపలు వాయించడం, చేతిలో ఇనుప ముక్క పెట్టడం ఎవరికీ ఉపయోగం లేదు.

మా అమ్మాయి వైద్యం ఎలా జరిగిందో చెబుతాను. కాలికి మందు లేదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ. ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి కాలు పట్టుకుని లాగలేదు, కరెంటు పెట్టలేదు. "పాదం వంక చూడకు, ఎదురుగా గోడ చూడు" అనేది. వెనక్కి నడిపించేది. పక్కకు నడిపించేది. పదమూడో ఎక్కం చెప్పుకుంటూ నడవమనేది. విచిత్రమేమిటంటే, ముందుకు నడవలేని పిల్ల వెనక్కి చక్కగా నడిచింది! అది చూసి ఇంట్లో ఎవరూ నవ్వకూడదని, "అదిగో, నడుస్తోందిగా" అని పట్టుకోకూడదని డాక్టరు గారు ముందే మాకు చెప్పి ఉంచారు. వాకరు కొనడానికి నేను సిద్ధమైతే, వద్దన్నారు. అలవాటైతే మానడం కష్టమట.

బిడ్డ విషయంలో కూడా మేము పొరపాటు చేశాం. పడేస్తుందేమోనన్న భయంతో బిడ్డను తల్లి దగ్గర ఉండనివ్వలేదు. డాక్టరు గారు కోప్పడ్డారు. పక్కన ఒక మనిషి కూర్చుని ఉండండి, పాలు తల్లినే ఇవ్వనివ్వండి అన్నారు. బిడ్డను ఎత్తుకుని తిరగవలసిన పని మాత్రం మేము చేశాం. తల్లీబిడ్డలను విడదీయకూడదన్నది ఇప్పుడు చట్టంలో కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక వైద్యశాలలో చేరిన తల్లి నుంచి 3 ఏళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయకూడదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం ఉంది. అదే చట్టం మానసిక వ్యాధులకు కూడా ఆరోగ్య బీమా వర్తింపజేయాలని బీమా సంస్థలకు చెబుతోంది. పాలసీ ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాలుగు నెలల్లో అమ్మాయి ఏ ఆధారం లేకుండా నడిచింది. మధ్యలో ఒకసారి బిడ్డకు జ్వరం వచ్చి రెండు రాత్రులు నిద్ర లేకపోయేసరికి కాలు మళ్ళీ మొరాయించింది. ఈసారి ఎవరూ కంగారు పడలేదు, పదిరోజుల్లో సర్దుకుంది. ఈనాటికీ బాగా అలిసిపోయిన రోజున ఆ కాలు కాస్త బరువుగా ఉంటుందంటుంది. అందరికీ ఇంత తొందరగా తగ్గుతుందని నేను హామీ ఇవ్వలేను. కొందరికి ఏళ్ళు పడుతుంది. తొందరగా గుర్తించి, నమ్మి, వివరించి చెబితే తగ్గే అవకాశాలు మెరుగని మాత్రం డాక్టర్లు చెబుతున్నారు.

మనలాంటి ముసలివాళ్ళం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది, ఫైలు పెట్టడం. ఇది మనకు వచ్చిన విద్య. కాన్పు డిశ్చార్జి కాగితం, బీపీ అంకెలు, స్కాను రిపోర్టులు, ఏ రోజున ఏ లక్షణం మొదలైందో తేదీవారీగా రాసి ఒక ఫైలులో ఉంచండి. నేను పెట్టిన ఫైలు చూసి డాక్టరు గారు మెచ్చుకున్నారు, నా సర్వీసులో ఏ ఆఫీసరూ అంత మెచ్చుకోలేదు. రెండవది, నిద్ర. రాత్రి ఒక్క పూట బిడ్డను మనం చూసుకుంటే తల్లికి వరసగా నాలుగైదు గంటల నిద్ర దొరుకుతుంది. మనకెలాగూ తెల్లవారుజామున మెలకువే కదా! మూడవది, బంధువుల నోళ్ళు మూయించడం. ఇంటి పెద్ద ఒకసారి గట్టిగా "మా పిల్లకు నరాల జబ్బు, వైద్యం జరుగుతోంది" అంటే సగం మాటలు ఆగిపోతాయి. నాలుగవది, దిగులుగా ఉన్న తల్లికి గాని, ఆమెను చూసుకునేవారికి గాని మాట సాయం కావాలంటే 14416 నంబరు ఉంది. టెలి మానస్ అంటారు, 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది నేను మా అమ్మాయికి కూడా చాలాకాలం చెప్పలేదు.

1959లో నాకు ఎనిమిదేళ్ళు. మా మేనత్త పురిటికి మా ఇంటికి వచ్చింది. కాన్పయిన కొద్ది రోజులకు మాట పడిపోయింది, ఉండి ఉండి ఒళ్ళు విదిలించేది. అది ఈ జబ్బేనో, మరొకటో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఆస్పత్రి మాట ఎవరూ ఎత్తలేదు. దయ్యం పట్టిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిచారు. మిరపకాయల పొగ పెట్టారు, వేపమండలతో కొట్టారు. ఆ వేపమండలు చెట్టెక్కి విరిచి తెచ్చింది నేనే. పిల్లవాణ్ణి, తెమ్మన్నారు, తెచ్చాను. అత్తకు కొన్నాళ్ళకు మాట వచ్చింది. కాని అత్తవారు తిరిగి తీసుకెళ్ళలేదు. బిడ్డను మాత్రం తీసుకెళ్ళారు. మా ఇంట్లోనే ఉండి, ఏటా ఆవకాయలు పెట్టి, మా అందరి పురుళ్ళూ పోసి 1996లో పోయింది. ఎప్పుడైనా ఆ రోజుల మాట వస్తే, "నేను కావాలని చెయ్యలేదురా" అనేది. అంతే అనేది.

ఆ మాట విని పెరిగినవాణ్ణే నేను. అయినా 2012లో నా కూతురిని నాటకం చాలించమన్నాను. వేపమండకీ ఆ మాటకీ పెద్ద తేడా లేదని నాకు తరువాత తెలిసింది. ఆ నరాల వైద్యుడి దగ్గరనుంచి వస్తూ బస్సులో అమ్మాయికి క్షమాపణ చెప్పాను. "నువ్వు చెయ్యి పెట్టి చూశావుగా నాన్నా, ఇంక చాల్లే" అంది.

మీ ఇళ్ళలో కోడలో, కూతురో, మనవరాలో కాన్పు తరువాత "నాకు కాలు కదలటం లేదు" అంటే, ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఆ వెళ్ళే దారిలోనే ఆమె మాట నమ్మండి. రిపోర్టులు వచ్చేదాకా ఆగనవసరం లేదు. బతికున్న మనిషికి ధృవపత్రం అడగడం ఆఫీసులో చెల్లుతుంది గాని ఇంట్లో చెల్లదు.